మబ్బుల పైన ఎండ ఉంటదట

పోయిన వారం చిట్యాలలో ఒక బాలికల గురుకులం వాళ్లు పిలిస్తే వెళ్లాను. లెక్చరర్ ఉద్యోగం నుంచి దిగిపోయి చాలా ఏళ్లే అయినా, వైమానిక దళంలో పైలట్ కావాలంటే ఏం చదవాలి, ఏ పరీక్ష రాయాలి, ఆ కొలువులో ఏముంటుంది అని పిల్లలకు చెప్పడానికి జనగామ నుంచి భూపాలపల్లి దాకా ఏ బడి వాళ్లు పిలిచినా, మోకాళ్లు ఒప్పుకున్నంత మేరకు బస్సెక్కి పోతూనే ఉన్నాను. ఆ రోజు కూడా ఎప్పట్లాగే నల్లబల్ల మీద రెక్క బొమ్మ గీసి, గాలి దాన్ని ఎటు నుంచి ఎటు నెడుతుందో చూపించి, చేతికంటిన సుద్ద దులుపుకుంటుంటే, కిటికీ పక్కన కూర్చున్న ఒక అమ్మాయి లేచి నిలబడి, "సార్, మీరు చెప్తె పైలట్ అయినోళ్లు ఉన్నరా? వాళ్లిప్పుడు ఏడ ఉన్నరు?" అని అడిగింది.

ఉన్నారమ్మా, అన్నాను. ఒకమ్మాయి ఎక్కడో పడమటి సరిహద్దు వైపు హెలికాప్టర్ నడుపుతోంది, ఒకతను దళం విడిచి వచ్చి ఇప్పుడు ప్రయాణికుల విమానాలు నడుపుతున్నాడు, అందరికంటే ముందు వెళ్లినవాడు మాత్రం లేడు, కొండల్లో విమానం కూలి చనిపోయాడు, అని చెప్పాను. వాళ్ల టీచరమ్మ నా వైపు ఇబ్బందిగా చూసింది. పిల్లలకు ఉత్సాహం కలిగించమని పిలిస్తే ఈ పెద్దాయన ఏమిటి ఇలా చెబుతున్నాడు అనుకుని ఉంటుంది. కానీ నేను ఇలాగే చెబుతాను. ఇలా చెప్పమని నాకు నేర్పింది దంతాలపల్లి దగ్గరి ఒక తండాలో మిరపతోట చేసుకునే ఒక తల్లి. తిరుగు బస్సులో పరకాల దాటేదాకా ఆమే కళ్ల ముందు మెదులుతూ ఉంది. ఇప్పటి పిల్లలకు గంట కొట్టేలోగా చెప్పగలిగింది చెప్పాను గాని, నా ఈడువాళ్లతో కూర్చుని నింపాదిగా చెప్పుకోవలసిన ముచ్చట ఒకటి మిగిలిపోయినట్టనిపించింది.

మాది జనగామ. రైలు కట్టకు అవతలి వైపు గూనపెంకుల ఇల్లు. మా బాపు బట్టల దుకాణంలో గుడ్డ కొలిచే పని చేసేవాడు. బంగ్లాదేశ్ యుద్ధం రోజుల్లో స్టేషన్ ఎదుటి హోటల్లో రేడియో పెద్దగా పెడితే, సాయంత్రం వార్తల వేళకు పెద్దలంతా చాయ్ సాసర్లు చేతుల్లో పట్టుకుని తాగడం మరిచిపోయి నిలబడేవాళ్లు, వాళ్ల మధ్యలోంచి దూరి మేమూ వినేవాళ్లం. మన విమానాలు ఫలానా చోటికి వెళ్లి క్షేమంగా తిరిగి వచ్చాయని చదవగానే అందరూ చప్పట్లు కొట్టేవాళ్లు. నాకు మాత్రం ఆ విమానాలు నడిపేవాళ్లెలా ఉంటారు, వాళ్లూ మనలాగే సద్దన్నం తింటారా, ఇంటికి ఆలస్యంగా వస్తే వాళ్లను కూడా ఎవరైనా కోప్పడతారా అని ఆలోచన పోయేది. ఆ ఆలోచనే నాతో పాటు పెరిగి పెద్దదై, డిగ్రీ అయ్యాక పరీక్ష రాయించింది, ఇంటర్వ్యూ కూడా దాటించింది. చివరికి బెంగుళూరులో కళ్ల డాక్టరు ఒకదాని తర్వాత ఒకటి అద్దాలు మార్చి చూసి, దూరపు చూపు చాలదు, పైలట్ ఉద్యోగానికి పనికిరావు అని మర్యాదగానే చెప్పి పంపించాడు.

ఆ మర్నాడు జనగామలో బండి దిగేసరికి బాపు ప్లాట్‌ఫారం మీద నిలబడి ఉన్నాడు. నా మొహం చూశాడు. చేతిలోని సంచి తీసుకుని, ముందు నడిచి, అదే హోటల్లో నాకు మిర్చీలు, చాయ్ చెప్పి, నేను తినేదాకా పక్క బల్ల మీది వాళ్లతో వానల గురించి మాట్లాడుతూ కూర్చున్నాడు. ఓదార్చడం అంటే ఏమిటో నేను తర్వాత ఎన్ని పుస్తకాల్లో చదివినా, నాకు మొదట గుర్తొచ్చేది ఆ చాయ్ బల్లే.

అలా విమానం మీది ఆశ వదులుకుని, వరంగల్‌లో భౌతికశాస్త్రం చదివి, మానుకోట కాలేజీలో లెక్చరర్‌గా చేరాను. మహబూబాబాద్ అని కాగితాల మీద రాసేవాళ్లం గాని నోటితో ఎవరూ అలా అనేవాళ్లు కాదు, మానుకోటే. ఇప్పుడు ఆరు జిల్లాలైనవన్నీ అప్పుడు ఒక్క వరంగల్ జిల్లాయే. మొదట్లో జనగామలో ప్యాసింజరు ఎక్కి కాజీపేటలో బండి మారి వచ్చేవాణ్ని. పెళ్లయ్యాక స్టేషన్ దగ్గరే రెండు గదుల ఇల్లు తీసుకున్నాను. ఆశ వదులుకున్నాను అన్నాను గాని అది నన్ను వదల్లేదని ఇప్పుడు తెలుస్తుంది, ఎందుకంటే ఏ పాఠం మొదలుపెట్టినా తిరిగి తిరిగి విమానం దగ్గరికే తెచ్చేవాణ్ని. వేగం అన్నా విమానమే, పీడనం అన్నా విమానమే. థర్మోకోల్ ముక్కలు కోసి, రబ్బరుతో తిరిగే పంకా పెట్టి, ఆదివారాలు కాలేజీ మైదానంలో ఎగరేసేవాణ్ని. మా ఇంటావిడ, పిల్లలకంటే మీరే ఎక్కువ పరుగెత్తుతున్నారని నవ్వేది. పిల్లలు ముచ్చటగా చూసేవాళ్లు గాని, పైలట్ పరీక్ష రాయండిరా అంటే ఎవరూ పట్టించుకునేవాళ్లు కాదు. వాళ్లకు తెలిసిన కొలువులు పంతులు పని, కండక్టర్ పని, భూపాలపల్లి వైపు వాళ్లకైతే బొగ్గుబాయి. పైగా నక్సలైట్ల కోసం పోలీసులు గాలించే ఆ రోజుల్లో మా వైపు పల్లెల్లో యూనిఫాం తొడుక్కున్నవాళ్లు కనిపిస్తేనే తలుపులు వేసుకునేవాళ్లు. ఆ బట్టలు తమ పిల్లవాడే తొడుక్కుంటాడన్న ఊహ కూడా ఎవరికీ వచ్చేది కాదు.

అటువంటి రోజుల్లో మా కాలేజీలో చేరాడు రవీందర్. దంతాలపల్లి దగ్గరి తండా వాళ్లది. తండ్రి బొంబాయిలో కట్టడాల పనికి పోయి పండక్కో పబ్బానికో వచ్చేవాడు, తల్లి మిరపతోట చేసుకునేది. ఇంట్లో మాట్లాడేది లంబాడీ, బడికొచ్చాక నేర్చుకున్నది తెలుగు, కాలేజీలో వినవలసింది ఇంగ్లిష్. మా వైపు పిల్లలు పట్నం పోతే అక్కడివాళ్లు వీళ్ల మాటకు నవ్వేవాళ్లు. అలా నవ్వులపాలైన పిల్లలే మళ్లీ వీడి తెలుగుకు నవ్వేవాళ్లు. అందుకేనేమో మొదటి ఏడాది సగం గడిచేదాకా వాడి గొంతు నేను వినలేదు. ఒకరోజు రెక్క ఆకారం వల్ల విమానం ఎలా పైకి లేస్తుందో చెప్పి బయటికి వస్తుంటే, వరండాలో వెనకే వచ్చి, నేల చూపులు చూస్తూ అడిగాడు.

"సార్, రెక్క పైభాగం వంపుగ ఉంటెనే లేస్తదన్నరు గద. మరి విమానం తలకిందులుగ గూడ పోతదట. గప్పుడు ఎట్ల లేస్తది?"

ఇన్నేళ్లుగా ఆ పాఠం చెబుతున్నా ఆ ప్రశ్న నాకే రాలేదు. నాకు తెలియదురా, తెలుసుకుని చెబుతానన్నాను. ఆ ఆదివారం వరంగల్ వెళ్లి, నాకు పాఠం చెప్పిన ప్రొఫెసరుగారిని ఇంటి దగ్గర పట్టుకుని అడిగితే, ఆయన వంపు ఒక్కటే కాదయ్యా, రెక్కను గాలికి ఎదురుగా ఎంత వాలుగా పెట్టామన్నదే అసలు సంగతి, పైలట్ ముక్కును తగినంత ఎత్తి పెడితే తలకిందులుగా కూడా గాలి మోస్తుంది అని, చేతిలోని విసనకర్రతోనే చూపించాడు. సోమవారం ఆ మాట చెబితే రవీందర్ మొహం వెలిగిపోయింది. ఆ తర్వాత నుంచి వాడికీ నాకూ మధ్య లెక్చరర్, విద్యార్థి అన్న దూరం పోయి, ఒకే పిచ్చి పట్టిన ఇద్దరు మనుషుల స్నేహం కుదిరింది. వాడి కళ్లు మా ఊరి డాక్టరు దగ్గర చూపిస్తే రెండూ నిక్షేపంగా ఉన్నాయన్నాడు. ఇంటికి వస్తూ దారంతా నేనే సంతోషంతో మాట్లాడుతున్నాను, వాడు నవ్వుతూ వింటున్నాడు.

పరీక్ష రాయించే ముందు ఇంట్లోవాళ్లకు చెప్పాలి కదా అని ఒక సెలవురోజు ఇద్దరం దంతాలపల్లిలో బస్సు దిగి, బండ్ల బాటన నడిచి తండాకు పోయాం. మిరపకాయ ఏరే రోజులు. తల్లి తోటలో ఉంది. నాకంటే కొన్నేళ్లు పెద్దది, నల్లటి మనిషి, చేతులకు మోచేతుల దాకా గాజులు. కొడుకు తమ భాషలో ఏదో గబగబా చెబితే విని, కొంగుతో చేతులు తుడుచుకుని, గట్టు మీద గోనెసంచి పరిచి నన్ను కూర్చోమంది. నేను దేశసేవ అనీ, గౌరవం అనీ, మంచి జీవితం అనీ నాకు తెలిసిందంతా చెప్పాను. ఆమె ఓపిగ్గా విని, పైకి ఒకసారి చూసి అడిగింది.

"సారూ, బస్సుకు రోడ్డు ఉంటది, రైలుకు పట్టాలుంటయి. గా పైన పట్టుకునేటందుకు ఏముంటది?"

గాలి ఉంటుంది అక్కా, అన్నాను. ఆమెకు ఆ జవాబు నచ్చలేదు. కాసేపు మిరపకాయల తొడిమలు తీస్తూ కూర్చుని మళ్లీ అంది. "వీడు నా మాట కంటె నీ మాటనే ఇంటడు. నువ్వు పొమ్మంటె పోతడు. గందుకే నిన్ను అడుగుతున్న. మంచిదేనా?"

మంచిదే అక్కా, అన్నాను. తడుముకోకుండా అన్నాను. పక్కన నిలబడ్డ రవీందర్ కళ్లలో ఉన్న ఆత్రం చూశాక నా నోటి వెంట ఇంకో మాట ఎలా వస్తుంది?

మొదటిసారి రాత పరీక్షలో పోయింది. రెండోసారి దాటాడు. మైసూరులో ఇంటర్వ్యూకు పిలుపు వస్తే మా ఇంట్లో పెద్ద పెళ్లి జరిగినంత హడావుడి. మా బావమరిది బూట్లు, నా పెళ్లి కోటు, మా ఇంటావిడ చేసిచ్చిన సకినాల డబ్బా. ఇంగ్లిష్ రాదని వాడికి దిగులు. కానీ తిరిగొచ్చి చెప్పిందేమిటంటే, అక్కడి పిల్లలంతా తమలో తాము మాట్లాడుకునే హిందీ వాడికి తండా భాషకు దగ్గరగా తోచి రెండో రోజుకే కలిసిపోయాడట. మా వైపు పట్నపు పిల్లలే నోరు మెదపలేక బిక్కమొహాలు వేశారట. ఎన్నేళ్లుగానో నవ్వులపాలైన భాష అక్కడ వాడికి తోడు నిలబడింది. ఆ మాట చెప్పినప్పుడు వాడు నవ్విన నవ్వు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. ఎంపికయ్యాడని తెలిసిన రోజు నేను కాలేజీ నుంచి ఇంటికి సైకిల్ మీద వచ్చానో, నడిచి వచ్చానో కూడా గుర్తు లేదు. సైకిల్ మాత్రం మర్నాడు కాలేజీలోనే దొరికింది.

పూణే దగ్గరి సైనిక అకాడమీలో మూడేళ్లు, ఆ తర్వాత హైదరాబాద్ దగ్గర ఎగరడం నేర్పే అకాడమీలో శిక్షణ. చివరి పరేడ్‌కు వాడు తల్లిదండ్రులతో పాటు నన్నూ పిలిచాడు. ఆమె అద్దాల రవికె, పెట్టెలో దాచుకున్న పెళ్లినాటి ఘాగ్రా కట్టుకుని వచ్చింది. కార్లలో దిగిన పెద్దపెద్ద ఆఫీసర్ల భార్యలు ఆమె చుట్టూ చేరి ఆ కుట్టుపని ముట్టుకుని చూస్తుంటే, ఆమె ఏమాత్రం బెదరకుండా ఏ అద్దం ఎవరు కుట్టారో వాళ్లకు చెప్పింది, వాళ్లకు ఎంత అర్థమయిందో మరి. కొడుకు భుజాలకు హోదా పట్టీలు ఆమెనే తొడగమన్నారు. తొడిగి, ఒకడుగు వెనక్కి వేసి, వాణ్ని కింది నుంచి పైదాకా చూసి, "గింత పట్టీ కోసమా ఇన్నేండ్లు నా కండ్లకు కానరాకుంట పోయినవు?" అంది. రవీందర్ నవ్వాడు, తండ్రి ఏడ్చాడు, నేను కళ్లద్దాలు తుడుచుకునే వంకతో పక్కకు తిరిగాను.

వాడికి యుద్ధ విమానం రాలేదు, సరుకులు మోసే విమానం వచ్చింది. ఈశాన్యపు కొండల్లో రోడ్డు లేని చోట్ల కాపలా ఉన్న జవాన్లకు బియ్యం, పప్పులు, కిరసనాయిలు పైనుంచి జారవిడిచే పని. నేను కొంచెం నిరాశపడితే వాడే, సార్, మేం పోకపోతె వాళ్లకు పూటకు తిండి ఉండదు, అని చెప్పాడు. సెలవు మీద వచ్చినప్పుడల్లా ఒక పూట మా కాలేజీకి వచ్చేవాడు. యూనిఫాం వేసుకు రారా అంటే వినేవాడు కాదు, మామూలు చొక్కాతోనే వచ్చి, మొదటిసారి ఎగిరినప్పుడు కవరులో కక్కుకున్నదీ, నేర్పే ఆఫీసరు తిట్టిన తిట్లూ, ఒంటరిగా ఎగిరి దిగాక కాళ్లు నిలవక రెక్క పట్టుకుని నిలబడ్డదీ చెప్పి పిల్లల్ని నవ్వించేవాడు. నేను పదేళ్లు థర్మోకోల్ ఎగరేసి తేలేకపోయిన ఊపు వాడు ఒక్క పూటలో తెచ్చాడు. ఆ కబుర్లు విన్నవాళ్లలోనే ఒకడు మరుసటి ఏడు పరీక్ష రాశాడు. ఇప్పుడు ప్రయాణికుల విమానం నడుపుతున్నాడని చెప్పానే, అతనే.

తర్వాత సంగతి చెప్పడానికి ఎక్కువ మాటలు లేవు. వానలు వెనకపట్టిన రోజులు. ఉదయం మొదటి పీరియడ్‌లో ఉండగా ఆఫీసు గదికి ఫోను వచ్చిందని పిలిచారు. సరుకులు వేసి తిరిగి వస్తుండగా కొండల మీద మబ్బు దిగిందట, విమానం దొరకలేదట. కొన్నాళ్లకు దొరికింది. జాతీయజెండా కప్పిన పెట్టెను సైనికులు దంతాలపల్లి నుంచి తండా దాకా భుజాల మీద మోసుకొచ్చారు, అప్పటికీ అక్కడికి రోడ్డు లేదు. చుట్టుపక్కల ఊళ్లన్నీ కదిలి వచ్చాయి. తుపాకులు పేల్చి వందనం చేసినప్పుడు చిన్నపిల్లలు భయపడి ఏడ్చారు. తల్లి ఏడవలేదు. మడతపెట్టి ఇచ్చిన జెండాను ఒళ్లో పెట్టుకుని నేల మీద కూర్చుంది. నేను జనం వెనకాల చింతచెట్టు కింద నిలబడ్డాను. ఆమె తల ఎత్తి చూస్తే కనబడతానేమోనని ఇంకొంచెం వెనక్కి జరిగాను. ఆమెతో మంచిదే అక్కా అన్నది నేనే.

ఆ తర్వాత కొన్నేళ్లు నేను విమానం మాట ఎత్తలేదు. పాఠంలో వస్తే రెండు వాక్యాల్లో దాటేసేవాణ్ని. మైదానంలో ఆదివారాలు ఆగిపోయాయి. పైలట్ పరీక్ష గురించి ఎవరైనా అడిగితే బ్యాంకు పరీక్షలు రాసుకోండి నాయనా అని చెప్పేవాణ్ని. దంతాలపల్లి మీదుగా పోవలసిన పని వస్తే వేరే దారి వెతుక్కునేవాణ్ని. మా ఇంటావిడ, ఒక్కసారి వెళ్లి ఆమెను పలకరించి రండి అని ఎన్నిసార్లు చెప్పినా నా కాళ్లు రాలేదు. నాకు రాని కొలువును ఇంకొకరి బిడ్డతో చేయించానా, అన్న ప్రశ్న పగలూ రాత్రీ వెంటాడేది.

తొర్రూరులో ఒక అంగడి రోజు, మా చెల్లెలింటికి వెళ్లి వస్తూ కూరగాయలు కొనుక్కుంటున్నాను. మిరపకాయ బస్తాల వరుసలో ఆమె కనిపించింది. జుట్టు నెరిసింది. నేను గబుక్కున తిరిగి నడవబోయాను. వెనక నుంచి వచ్చి నా సంచి పట్టుకుంది.

"సారూ, జర ఆగు. నన్ను జూసి మొకం తిప్పుకుంటవేంది?"

నన్ను క్షమించు అక్కా, అన్నాను.

"ఏంది క్షమించేది?" అంది ఆమె కోపంగా. నిజంగా కోపమే, చుట్టూ ఉన్నవాళ్లు తిరిగి చూసేంత. "నా కొడుకు ముచ్చట చెప్పుడు బంజేసినవట గద నువ్వు. మా చెల్లె కొడుకు మీ కాలేజిలనే సదువుతుండు, వాడు చెప్పిండు. రవీందర్ అన్న పేరే సారు తియ్యడు అన్నడు. ఏం పాపం జేసిండని వాని పేరు తియ్యవు?"

వాడి పేరు తీస్తే నీకు కష్టమని, అని గొణిగాను.

"తియ్యకుంటెనే కష్టం. తండల అందరు గట్లనే జేస్తున్నరు. నేను వస్తుంటె ముచ్చట ఆపుతరు. వాని దోస్తులు దారి తప్పిచ్చుకొని పోతరు. సచ్చిపోయింది ఒక్కసారి, మీరందరు గలిసి దినాం సంపుతున్నరు." ఆమె బస్తా మీద కూర్చుని, నన్నూ పక్కన కూర్చోమంది. "నిన్ను మంచిదేనా అని అడిగిన గద. నువ్వు మంచిదే అన్నవు గని నాకు నమ్మకం కుదరలే. లీవుల వచ్చినప్పుడు వాన్నే అడిగిన, ఏం సుఖమున్నది బిడ్డా ఆడ అని. యాడీ, కింద వాన పడుతుంటది, ఉరుముతుంటది, గా మబ్బులను చీల్చుకొని పైకి పోతె ఆడ మస్తు ఎండ ఉంటది, అది జూసినోనికి కింద ఉండబుద్ధి గాదు, అన్నడు. మబ్బుల పైన ఎండ ఉంటదట సారూ. నా కొడుకు చూసిండు. నేను చూసిన్నా, నువ్వు చూసినవా?"

నేను చూడలేదన్నాను.

"మరి గది చెప్పు పిల్లలకు. సచ్చిపోయిండని గూడ చెప్పు, దాచిపెట్టకు. నాకు చెప్పినప్పుడు నువ్వు గౌరవం అన్నవు, దేశం అన్నవు, భయం సంగతి చెప్పలే. చెప్తె నేను పంపకపోదునో, పంపుదునో, నాకెర్కలే. గని చెప్పాలె. పిల్లలకు చెప్పినంక వాళ్ల తల్లులకు గూడ చెప్పాలె."

మళ్లీ సోమవారం నేను తరగతిలో రవీందర్ పేరు ఎత్తాను. వాడు వరండాలో అడిగిన ప్రశ్న దగ్గర మొదలుపెట్టి, గంట కొట్టినా ఆపలేదు, పిల్లలూ కదల్లేదు. వెనక బెంచీలో ఆమె చెల్లెలి కొడుకు తల వంచుకుని కూర్చుని విన్నాడు. అప్పటి నుంచి నా పద్ధతి మారింది. ఆ కొలువులోని వెలుగు ఎంత చెబుతానో ఆపద అంత చెబుతాను. ఎవరైనా పరీక్ష రాస్తానంటే, ఇంటికి వెళ్లి తల్లి ముందు కూర్చుని అదే మాట మళ్లీ చెబుతాను. అలా చెప్పడం వల్ల కొందరు ఆగిపోయారు. వాళ్లు ఆగినందుకు నాకు విచారం లేదు. అంతా విన్నాక కూడా వెళతానన్నవాళ్లు మాత్రం గట్టిగా నిలబడ్డారు.

వాళ్లలో ఒకమ్మాయిది జనగామ దగ్గరి పల్లె. డిగ్రీ చదువుతూ సెలవుల్లో మా ఇంటికి వచ్చి అనుమానాలు తీర్చుకునేది. పిల్ల తండ్రి సరేనన్నాడు గాని తల్లి ససేమిరా అంది. నేను రెండుసార్లు వెళ్లినా ఆమె నా ముందుకే రాలేదు. అంగడి నాటి నుంచి మళ్లీ తండాకు పోతూ ఉన్నాను కనుక ఈ సంగతి అక్కడ మాటవరసకు చెబితే, రవీందర్ వాళ్ల యాడి (వాళ్ల భాషలో అమ్మను అలాగే అంటారు), నేనొస్త పా, అని లేచింది. బస్సులో పోతుంటే, ఆమెను ఒప్పిస్తావా అక్కా అని అడిగాను. "పంపుమని నేను చెప్ప, వద్దని గూడ చెప్ప. నా కొడుకు ఎట్ల ఉండెనో చెప్త, గంతె," అంది. ఇద్దరు తల్లులూ వంటింటి గడప దగ్గర కూర్చున్నారు. మమ్మల్ని బయటికి పొమ్మన్నారు. నేనూ, పిల్ల తండ్రీ వాకిట్లో మంచం మీద కూర్చుని పంటల గురించి ఏదేదో మాట్లాడుకున్నాం, ఒకరి మాట ఒకరి చెవికెక్కలేదు. చాలాసేపటికి వాళ్లు బయటికి వచ్చినప్పుడు ఇద్దరి కళ్లూ ఎర్రగా ఉన్నాయి. పిల్ల తల్లి నా వైపు చూడకుండా, కూతురితో, "పోదువు గాని, అన్నం దిను," అంది. హెలికాప్టర్ నడుపుతోందని చెప్పానే, ఆ అమ్మాయే. వరదల్లో ఇంటి కప్పుల మీద చిక్కుకున్న వాళ్లను ఎత్తుకొచ్చే పనికి వెళ్లినప్పుడల్లా ఫోను చేసి, ముందు తల్లితో, తర్వాత తండాలోని యాడితో వినబడేలా అరిచి అరిచి మాట్లాడుతుంది. నాకు చేయడం మరిచిపోతుంది. నాకేమీ కోపం లేదు.

ఇప్పుడు కాలం చాలా మారింది. తండాకు సిమెంటు రోడ్డు పడింది, తండానే గ్రామపంచాయితీ అయింది. ఇంటర్ కాగానే ఆడపిల్లలు కూడా ఆ పరీక్ష రాయవచ్చు. నేను బడికి వెళితే పిల్లలు విమానాల పేర్లు నాకంటే ఎక్కువ చెబుతారు, తలకిందులుగా ఎగిరే వీడియో ఫోనులో తీసి నాకే చూపిస్తారు. అప్పుడు ఒక ప్రశ్నకు జవాబు కోసం వరంగల్ బస్సెక్కి పోయేవాణ్ని, ఇప్పుడు అడిగిన క్షణంలో జవాబు అరచేతిలో ఉంటుంది. మంచిదే. కానీ పిల్లలు ఫోనులోనే దరఖాస్తు పెట్టేసి, పిలుపు వచ్చాక ఇంట్లో చెబుతున్నారు. తల్లి పక్కన గట్టు మీద కూర్చుని, మిరపకాయల తొడిమలు తీస్తూ, సగం పూట మాట్లాడి తేల్చుకునే తీరిక ఇప్పుడెవరికీ లేదు. ఆ తీరికే పోయిందో, ఆ మాట అవసరమన్న తలంపే పోయిందో నాకు తెలియదు.

రవీందర్ తండ్రి పోయాడు. యాడి ఉంది. చెవులు సరిగా వినబడవు, చూపు మాత్రం నా కంటే బాగుంది. నెలకో రెండు నెలలకో వెళ్లి ఆమె దగ్గర కూర్చుని వస్తాను. మాట్లాడుకోవడానికి ఇప్పుడు పెద్దగా ఏమీ ఉండదు, ఇద్దరం ముసలివాళ్లం, అరిస్తే గాని ఆమెకు వినపడదు, అరవడానికి నాకు ఓపిక లేదు. ఒక్కోసారి చాలా ఎత్తున ఏదో విమానం పోతుంటుంది. చిన్నప్పుడైతే అది ఏ రకమో, ఎటు పోతోందో అని చూసేవాణ్ని. ఇప్పుడు అందులో ఎవరింటి పిల్ల కూర్చుని ఉందో అనిపిస్తుంది. ఆమెకు చప్పుడు తెలియదు కనుక మోచేయి తట్టి పైకి చూపిస్తాను. నుదుటికి చేయి అడ్డం పెట్టుకుని, అది కనుమరుగయ్యేదాకా చూసి, ఎవరో ఏమిటో తెలియని ఆ బిడ్డతో, పక్క వాకిలి వాళ్లకు వినబడేంత గట్టిగా అంటుంది, "పైలంగ పో బిడ్డా," అని.